కాపలాదారే కత్తి దూస్తే

బొగ్గు గనుల ఊళ్ళో డిగ్రీ చదివి, మిరపకాయల్లో విషం వెతికి, బంగాళాదుంప తెగులు మీదుగా మనిషి కణం దాకా వచ్చిన కన్నెగంటి తిరుమలాదేవి పరిశోధన ఏం చెబుతోంది?

సూరత్‌కు ఆగ్నేయ కొసన ఉన్న డిండోలిలో తెలుగు వినడానికి చెవులు రిక్కించనక్కర్లేదు. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి తరాలుగా తరలివచ్చిన నేత కుటుంబాలు డిండోలి, లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. మరమగ్గాలే వీరిలో చాలామందికి ఆధారం. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే వీరి సంఖ్యను ఊహించుకోవచ్చు. పగలూ రాత్రీ తేడా తెలియకుండా మోగే ఈ నగరపు మగ్గాలు గత మూడు దశాబ్దాల్లో రెండుసార్లు ఉన్నట్టుండి మూగబోయాయి. రెండుసార్లూ కారణం జబ్బే.

మొదటిది 1994 సెప్టెంబర్. న్యుమోనిక్ ప్లేగు అన్న మాట బయటకు పొక్కగానే లక్షల మంది చేతికందిన మూట పట్టుకొని రైళ్ళెక్కారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ బిళ్ళలు నిమిషాల మీద అయిపోయాయి. మరణాలు 50కి పైగా నమోదైతే, భయం దేశమంతా పాకింది. అసలది ప్లేగేనా అని నిపుణులు ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న జన్యు పరీక్షల ఫలితాలు 2000లో వెలువడ్డాయి. దోషి ప్లేగు క్రిమి యెర్సీనియా పెస్టిసేనని అప్పుడు తేలింది. ప్లేగు సోకిన మరుసటి ఏడాది, 1995లో, మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్తకుప్పల సూరత్‌ను దేశంలోని శుభ్రమైన నగరాల జాబితాలోకి ఎక్కించిన కథ అందరికీ తెలిసిందే.

రెండోది 2020. లాక్‌డౌన్‌లో పని పోయి, కూలి రాక, ఊరికి పంపమంటూ వలస కార్మికులు సూరత్ రోడ్ల మీదికొచ్చారు. మరుసటి ఏప్రిల్‌లో వచ్చిన రెండో కెరటం ఇంకా ఘోరం. శ్మశానంలో గ్యాస్ కొలుముల ఇనుప చట్రాలు వేడికి కరిగిపోతున్నాయన్న వార్తలు ఆ రోజుల్లో సూరత్ నుంచే వచ్చాయి. ఆస్పత్రుల ముందు నిలబడిన బంధువులు ఒక వింత మాట నేర్చుకున్నారు: సైటోకైన్ తుపాను. వైరస్ తగ్గుముఖం పట్టిందనుకున్న మనిషి ఎనిమిదో రోజో, పదో రోజో హఠాత్తుగా కుప్పకూలడానికి డాక్టర్లు చెప్పిన కారణం అది. క్రిమిని చంపడానికి లేచిన ఒంటి సొంత సేన అదుపు తప్పి ఒంటినే కాల్చేస్తోందన్నమాట.

ఆ సేన అదుపు ఎక్కడ తప్పుతుందన్న ప్రశ్న మీదే కన్నెగంటి తిరుమలాదేవి తన పరిశోధనా జీవితంలో ఎక్కువ భాగం గడిపారు. అమెరికాలోని మెంఫిస్‌లో, సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాస్పత్రిలో ఆమె ఇమ్యునాలజిస్టు. పుట్టి పెరిగింది కొత్తగూడెం. చదివిన కాలేజీ సింగరేణి మహిళా కళాశాల. ఆ కాలేజీ కాకతీయ విశ్వవిద్యాలయం కింద ఉండేది. డిగ్రీలో తీసుకున్నవి కెమిస్ట్రీ, జువాలజీ, బోటనీ. డిండోలి తెలుగువాళ్ళలో చాలామంది సొంత ఊళ్ళకు, ఆమె ఊరికి మధ్య బస్సు ప్రయాణం కొన్ని గంటలు మాత్రమే.

సింగరేణి ఊళ్ళో బీజెడ్‌సీ చదివిన అమ్మాయి ఏకంగా అమెరికా లేబొరేటరీకి అధిపతి అయిందని ఒక్క వాక్యంలో తేల్చేస్తే వినడానికి బాగుంటుంది. అసలు దారి మాత్రం మెలికలు తిరిగింది. ఆ మెలికల్లోనే ఆమె శాస్త్రం ఉంది. అందుకే కాస్త ఆగి చూడాలి.

ఉస్మానియాలో ఎమ్మెస్సీ తర్వాత పీహెచ్‌డీకి ఆమె తీసుకున్న అంశం మనిషి రోగాలు కాదు, బూజు. నిల్వ చేసిన పంట మీద పెరిగే బూజు కొన్ని విషాలను వదులుతుంది. వేరుశనగలో చేరే అఫ్లటాక్సిన్ పేరు రైతులకు తెలుసు. అంతగా ఎవరికీ తెలియనిది ఓక్రటాక్సిన్. కిడ్నీలను దెబ్బతీసే ఈ విషం ఎండుమిర్చిలో, మిరియాల్లో, ధనియాల్లో, అల్లంలో, పసుపులో ఎంత ఉందో చౌకగా కొలిచే పద్ధతి కావాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ప్రసిద్ధ వైరాలజిస్టు డి.వి.ఆర్. రెడ్డి బృందంతో కలిసి ఆమె చేసింది ఆ పనే. విషాన్ని ఒక ప్రొటీన్‌కు అతికించి జంతువు ఒంట్లోకి ఎక్కిస్తే, దానికి సరిపోయే యాంటీబాడీలు తయారవుతాయి. వాటితో ఎలీసా పరీక్ష రూపొందించారు. మిర్చి మీద పత్రం 2000లో, సుగంధ ద్రవ్యాల మీద పత్రం 2001లో, పాలలో చేరే అఫ్లటాక్సిన్ మీద పత్రం 2002లో వచ్చాయి. వరంగల్, ఖమ్మం మిర్చి మార్కెట్ల పక్కన పెరిగిన వాళ్ళకు ఈ అంశం ఎంత దగ్గరిదో చెప్పనక్కర్లేదు.

అప్పటికి ఇమ్యునాలజీ ఆమె చేతిలో ఒక పనిముట్టు మాత్రమే. చదివే శాస్త్రం ఇంకా కాలేదు.

అమెరికా వెళ్ళాక విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో శిలీంధ్రాల జన్యువులు, ఆ తర్వాత ఒహాయో స్టేట్‌లో మొక్కల రోగనిరోధకత. ఒహాయోలో సోఫియాన్ కమూన్ బృందం పనిచేస్తున్నది ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్ మీద. 1840 దశకంలో ఐర్లండ్‌ను కరవులోకి నెట్టిన బంగాళాదుంప తెగులుకు కారణం ఈ జీవే. ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. మొక్కకు నెత్తురు లేదు, తెల్ల కణాలు లేవు, యాంటీబాడీలు లేవు. ఏ కణానికి ఆ కణమే కాపలా. క్రిమి ఒక ఆకులోకి చొరబడితే, ఆ చోటున్న కణాలు తమను తామే చంపుకుంటాయి. బతికున్న కణం దొరక్కపోతే క్రిమికి తిండి ఉండదు. ఆకు మీద గోధుమ రంగు మచ్చ మిగులుతుంది, మొక్క బతుకుతుంది. ఊరికి నిప్పంటుకున్నప్పుడు మంట ముందున్న గుడిసెను తామే పీకేసి మిగతా వాడను కాపాడుకోవడం పల్లెల్లో పెద్దలు ఎరిగిన ఉపాయమే.

ఆ లేబొరేటరీలో తిరుమలాదేవి ముఖ్య రచయితగా 2006లో వచ్చిన ఒక పత్రం ఈనాడు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. తెగులు క్రిమి విడిచే రెండు వేర్వేరు ప్రొటీన్లు మొక్క కణాల్లో చావును పుట్టిస్తాయి. రెండూ కలిసినప్పుడు వాటి బలం కూడిక లెక్కన కాక హెచ్చవేత లెక్కన పెరుగుతుందని ఆ పత్రం సారాంశం. రెండు దారులు ఒకదానికొకటి ఊతమిస్తున్నాయన్నమాట. పధ్నాలుగేళ్ళ తర్వాత కొవిడ్ కాలంలో ఆమెకు పేరు తెచ్చిన ప్రయోగం కూడా దాదాపు ఇదే ఆకారంలో ఉంది. రెండింటికీ సంబంధం ఉందని ఆమె చెప్పుకోవాల్సిన అవసరం లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే మనకే తెలుస్తుంది.

మొక్క కణాల్లో క్రిమిని పసిగట్టే ప్రొటీన్లకు, మన కణాల్లో అదే పని చేసే ప్రొటీన్లకు నిర్మాణంలో పోలిక ఉంది. రెండు వైపులా వీటిని ఎన్ఎల్ఆర్‌లు అంటారు. చుట్టరికం వల్ల వచ్చిన పోలిక కాదిది. ఒకే సమస్యకు పరిణామం రెండుసార్లు విడివిడిగా కనిపెట్టుకున్న పరిష్కారమన్నది ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. మొక్కల నుంచి మనుషుల వైపు ఆమె దాటిన వంతెన ఇదే. మిషిగన్ విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ నూన్యెజ్ లేబొరేటరీలో ఆమె చేరేనాటికి ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రొటీన్ పెద్ద చిక్కుముడిగా ఉంది. అప్పట్లో దాన్ని క్రయోపైరిన్ అనేవారు. చలిగాలి తగిలితే చాలు దద్దుర్లు, జ్వరం, కీళ్ళనొప్పులు వచ్చే ఒక వంశపారంపర్య జబ్బులో ఈ జన్యువు చెడిపోయి ఉంటుందని 2001లో తేలింది. కణం లోపల కొన్ని ప్రొటీన్లు గుమిగూడి కాస్పేస్-1 అనే ఎంజైమును నిద్రలేపే యంత్రంలా పనిచేస్తాయని 2002లో స్విట్జర్లండ్‌కు చెందిన యూర్గ్ చోప్ బృందం కనిపెట్టి, దానికి ఇన్‌ఫ్లమేసోమ్ అని పేరు పెట్టింది. మరి ఎన్ఎల్ఆర్‌పీ3 దేన్ని చూసి లేస్తుంది?

2006 మార్చిలో ‘నేచర్’ పత్రికలో ఒకే సంచికలో మూడు బృందాల జవాబులు వచ్చాయి. గౌట్ రోగుల కీళ్ళలో పేరుకొనే యూరిక్ ఆమ్లం స్ఫటికాలని చోప్ బృందం చెప్పింది. కొన్ని విషాలు, ఏటీపీ అని విశ్వ దీక్షిత్ బృందం చెప్పింది. బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ, వైరస్‌లపై వాడే కొన్ని చిన్న రసాయనాలు అని చెప్పిన మూడో పత్రానికి మొదటి రచయిత తిరుమలాదేవి. ఇంతటి పోలికలేని వస్తువులన్నింటినీ ఒకే ప్రొటీన్ ఎలా గుర్తుపడుతుందన్నది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు వందలాది శాస్త్రవేత్తలకు పని కల్పించింది. 2008లో ఈ జాబితాలో ఇసుక ధూళి, ఆస్‌బెస్టాస్ కూడా చేరాయి. గుజరాత్‌లోనే ఖంభాత్‌లో అకీక్ రాళ్ళు సానబట్టే కార్మికుల ఊపిరితిత్తులను తినేసే సిలికోసిస్‌కు, గనుల్లో రాతిపొడి పీల్చే కార్మికుల దగ్గుకు వెనక ఈ ఎన్ఎల్ఆర్‌పీ3 చెయ్యి ఉందని అర్థం. కొత్తగూడెం ఆడపడుచు పనిచేసిన ప్రొటీన్‌కు గనులతో ఈ చుట్టరికం కలవడం యాదృచ్ఛికమే అయినా గుర్తుంచుకోదగ్గది.

2007లో సెయింట్ జూడ్ ఆమెకు సొంత లేబొరేటరీ ఇచ్చింది. హాస్యనటుడు డానీ థామస్ 1962లో తెరిచిన ఈ ఆస్పత్రిలో పిల్లల కుటుంబాలకు వైద్యం బిల్లు పంపరు. ఆమె 2013లో పూర్తిస్థాయి సభ్యురాలయ్యారు. 2016లో విభాగం ఉపాధ్యక్షురాలయ్యారు. మరుసటి ఏడాది డానీ భార్య రోజ్ మేరీ థామస్ పేరిట ఉన్న పీఠం లభించింది. ప్రపంచంలో అత్యధికంగా ప్రస్తావనకు వచ్చే శాస్త్రవేత్తల జాబితాల్లో పేరు రావడం వగైరా మామూలైపోయింది.

ఆ లేబొరేటరీ మొదటి ఏళ్ళలో తేల్చిన విషయం ఒకటి మాత్రం బిరుదులకన్నా ముఖ్యం. ఎన్ఎల్ఆర్‌పీ3 లేని ఎలుకలకు ఫ్లూ వైరస్ ఎక్కిస్తే, ఉన్న ఎలుకలకన్నా ఎక్కువ చనిపోయాయి (2009). పేగుల్లో పుండ్లు పుట్టించే రసాయనం తాగిస్తే, ఎన్ఎల్ఆర్‌పీ3 లేనివాటి పరిస్థితే ఎక్కువ దిగజారింది (2010). చెడిపోతే జబ్బు తెచ్చే ప్రొటీనే మామూలుగా ఉన్నప్పుడు కాపలాదారు. కనుక ‘ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించు’ అనే ఒక్క సూత్రంతో వైద్యం చేయలేం. మార్కెట్‌లో ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలు అమ్మేవాళ్ళకు ఈ సంగతి తెలియదో, తెలిసీ చెప్పరో!

ఇక అసలు కథ. కణం చావు గురించి పాఠ్యపుస్తకాలు మూడు దారులు చెబుతాయి. 1972లో పేరు పెట్టిన ఆపోప్టోసిస్ నిశ్శబ్ద మరణం. కణం ముడుచుకుపోయి ముక్కలవుతుంది, పక్కవాళ్ళు ఎత్తేస్తారు, గొడవ ఉండదు. పైరోప్టోసిస్ దీనికి పూర్తిగా విరుద్ధం. కాస్పేస్-1 లేచి గ్యాస్‌డెర్మిన్-డి అనే ప్రొటీన్‌ను కోస్తుంది. తెగిన ముక్కలు కణం పొరకు తూట్లు పొడుస్తాయి. కణం ఉబ్బి పగిలి లోపలి సరుకంతా బయట పడి ‘ప్రమాదం’ అని కేకలు పెడుతుంది. గ్యాస్‌డెర్మిన్ సంగతి బయటపడింది 2015లోనే. మూడోది నెక్రోప్టోసిస్. అందులోనూ కణం పగులుతుంది, అయితే అక్కడ పనిచేసే ప్రొటీన్లు వేరు. మూడింటికీ మూడు వేర్వేరు పరిశోధకుల గుంపులు, మూడు వేర్వేరు సమావేశాలు. ఒక దారిలో వెళ్ళే ప్రొటీన్‌కు ఇంకో దారితో పనిలేదన్నది చాలాకాలం నడిచిన నమ్మకం.

ఫ్లూ సోకిన ఎలుక కణాల్లో తిరుమలాదేవి బృందానికి కనిపించింది అలా లేదు. ఒక దారి మూసేస్తే కణం ఇంకో దారిన చస్తోంది. రెండు మూసినా మూడోది ఉంది. జెడ్‌బీపీ1 అనే ఒక ప్రొటీన్‌ను తీసేసినప్పుడు మాత్రం మూడు రకాల చావూ ఆగిపోయింది. ఆ ప్రొటీన్ లేని ఎలుకల ఊపిరితిత్తుల్లో విధ్వంసం తగ్గింది, మరణాలూ తగ్గాయి. 2016లో వెలువడిన ఈ పత్రం తర్వాత మూడు దారులూ ఒకే కూడలి నుంచి బయల్దేరుతున్నాయన్న వాదన బలపడింది. 2019లో దానికి పేరు పెట్టారు. పైరోప్టోసిస్‌లో ‘పి’, ఆపోప్టోసిస్‌లో ‘ఎ’, నెక్రోప్టోసిస్‌లో ‘ఎన్’ కలిపి పాన్‌ఆప్టోసిస్. ఆ పేరు ప్రతిపాదించిన పత్రం మీద తిరుమలాదేవితోపాటు ఆర్.కె. సుబ్బారావు మలిరెడ్డి, సన్నుల కేశవర్ధన్ పేర్లున్నాయి. ముగ్గురివీ తెలుగు పేర్లే. కేశవర్ధన్ ఆ తర్వాత బెంగుళూరు ఐఐఎస్‌సీకి వచ్చి సొంత లేబొరేటరీ పెట్టుకున్నారు.

సూరత్ ప్లేగు ప్రస్తావన ఇక్కడ మళ్ళీ వస్తుంది. యెర్సీనియా జాతి క్రిములు మన కణంలోకి సూదిలాంటి నిర్మాణంతో కొన్ని ప్రొటీన్లను ఎక్కిస్తాయి. వాటిలో యాప్‌జె అనేది టీఏకే1 అనే మన ఎంజైమును స్తంభింపజేస్తుంది. టీఏకే1 పని ఆగితే ప్రమాద ఘంటిక మోగదు, క్రిమికి ఆడింది ఆట. అయితే మన కణం అంత అమాయకురాలు కాదు. టీఏకే1 నోరు నొక్కేశారంటే లోపల దొంగ ఉన్నట్టేనని గ్రహించి ప్రాణం తీసుకుంటుంది. ఆ చావులో మూడు దారులూ కలిసి ఉంటాయని, ప్లేగు క్రిమికి దగ్గరి బంధువైన యెర్సీనియాతో తిరుమలాదేవి బృందం 2020లో చూపింది. మొక్క ఆకు మీది గోధుమ మచ్చలో ఉన్న యుక్తే మన తెల్ల కణంలోనూ ఉందన్నమాట. అన్నట్టు, 1994లో సూరత్‌ను గట్టెక్కించిన టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. దాన్ని డగ్గర్ కనుగొన్నది లెడర్లీ సంస్థలో. అక్కడ పరిశోధనల సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. క్రిమిని చంపే మందు ఆ తరానికి పెద్ద ప్రశ్న. క్రిమి చచ్చినా, చావకపోయినా మనిషి ఎందుకు పోతున్నాడన్నది ఈ తరం ప్రశ్న.

2020లో ఆ ప్రశ్నకు తొందర పెరిగింది. కొవిడ్ రోగుల రక్తంలో సైటోకైన్లు డజన్ల కొద్దీ పెరిగి కనిపిస్తున్నాయి. వీటిలో హంతకుడెవరు? వైద్యుల చూపంతా ఐఎల్-6 మీద ఉంది. దాన్ని అడ్డుకొనే టోసిలిజుమాబ్ కోసం మన దేశంలో కుటుంబాలు ఊళ్ళు పట్టుకు తిరిగిన సంగతి మరువలేం. తిరుమలాదేవి బృందం ప్రయోగం వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. రోగుల్లో బాగా పెరిగినట్టు తేలిన సైటోకైన్లను తీసుకొని ఎలుక తెల్ల కణాల మీద ఒక్కొక్కటిగా పోసి చూశారు. కణాలు అంతగా చావలేదు. అన్నీ కలిపి పోశారు. చచ్చాయి. అంటే తప్పు మిశ్రమంలో ఉంది. తర్వాత జతలు జతలుగా పరీక్షించారు. ఒకే ఒక జత చంపింది: టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్-గామా. విడిగా ఉన్నప్పుడు కణాన్ని పెద్దగా కదిలించనివి కలిసినప్పుడు మూడు దారుల చావునూ ఒకేసారి తెరుస్తున్నాయి. కణం లోపల జాక్ అనే ఎంజైముల నుంచి స్టాట్1, ఐఆర్ఎఫ్1 దాకా సంకేతం నడిచి, నైట్రిక్ ఆక్సైడ్ తయారై, కాస్పేస్-8 లేస్తోందని అడుగు అడుగునా వెతికి పట్టుకున్నారు.

అక్కడితో ఆగితే గాజు పళ్ళెంలో ముచ్చటగా మిగిలేది. ఎలుకలకు ఈ జతను ఎక్కిస్తే సైటోకైన్ తుపాను లక్షణాలతో చనిపోయాయి. కొవిడ్ వైరస్ సోకిన ఎలుకలకు రెండింటినీ పట్టేసే యాంటీబాడీలు ఇస్తే మరణాలు తగ్గాయి. రక్తంలో క్రిమి విషం చేరే సెప్సిస్ నమూనాలోనూ అదే ఫలితం. చచ్చిన కణాలు మరిన్ని సైటోకైన్లను వదులుతాయి, అవి మరిన్ని కణాలను చంపుతాయి. తుపాను తనకు తానే గాలి ఊదుకుంటుంది. ఈ పత్రం 2020 నవంబర్‌లో ఆన్‌లైన్‌లో, 2021 మొదట్లో ‘సెల్’ పత్రికలో వచ్చింది. డిండోలిలో, వరంగల్‌లో, ఢిల్లీలో ఆక్సిజన్ సిలిండర్ల వేట మొదలు కావడానికి కొద్ది నెలల ముందు.

మరి ఆ రెండు యాంటీబాడీలూ మన ఆస్పత్రులకు ఎందుకు రాలేదు? విడివిడిగా రెండు రకాల మందులూ అప్పటికే ఉన్నాయి. టీఎన్ఎఫ్‌ను అడ్డుకొనే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను కీళ్ళవాతానికి, పేగు జబ్బులకు ఎప్పటి నుంచో వాడుతున్నారు. ఇంటర్‌ఫెరాన్-గామాను పట్టే ఎమపాలుమాబ్‌కు పిల్లల్లో వచ్చే ఒక అరుదైన జబ్బు కోసం 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ ఎలుకలో నిలిచింది మనిషిలో నిలుస్తుందన్న భరోసా లేదు. పైగా ఎప్పుడు ఇవ్వాలన్నది పెద్ద తలనొప్పి. జబ్బు మొదట్లోనే ఇస్తే క్రిమితో పోరాడే ఆయుధాన్ని లాక్కున్నట్టవుతుంది, ఆలస్యమైతే తుపాను దాటిపోతుంది. 2023లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ పరీక్షలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కటే ఇచ్చినప్పుడు రోగులు కోలుకొనే వ్యవధి చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మరణాలు మాత్రం 14.5 శాతం నుంచి 10.1 శాతానికి తగ్గినట్టు కనిపించింది. జాక్ ఎంజైములను ఆపే బారిసిటినిబ్‌ను తీవ్ర కొవిడ్‌కు వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరిలో గట్టిగా సిఫార్సు చేసింది. ఆ మందును కొవిడ్‌కు సూచించినవాళ్ళు వేరు, కారణాలూ వేరు. అది అడ్డగించే మార్గం మాత్రం మెంఫిస్ ఎలుకల్లో గీసిన పటంలో ఉన్నదే.

ఇంకో ప్రయోగం వైద్యులకు నేరుగా పనికొచ్చింది. ఇంటర్‌ఫెరాన్లు వైరస్‌కు విరోధులు గనక కొవిడ్‌కు మందుగా వాడి చూశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ పరీక్షలో 2020 అక్టోబర్ నాటికి లాభం కనిపించలేదు. ఎందుకు? ఇంటర్‌ఫెరాన్ ఇస్తే కణంలో జెడ్‌బీపీ1 పెరుగుతుంది, అది పాన్‌ఆప్టోసిస్‌ను రేపుతుంది అని 2022లో ఈ బృందం ఎలుకల్లో చూపింది. వైరస్ సోకిన ఎలుకలకు ఇంటర్‌ఫెరాన్ ఇస్తే మరణాలు పెరిగాయి. జెడ్‌బీపీ1 లేని ఎలుకలు తట్టుకున్నాయి. విఫలమైన మందును పక్కన పడేయకుండా, అది ఎందుకు విఫలమైందో వెతికి చెప్పడం అరుదైన పని. ఈ వ్యాసకర్త దృష్టిలో ఆమె కొవిడ్ కాలపు పనిలో మేలైన భాగం ఇదే.

పాన్‌ఆప్టోసిస్ అన్న మాటను అందరూ తలకెత్తుకోలేదు. మూడు దారుల మధ్య అడ్డదారులున్నాయని ఎప్పుడో తెలుసు, ఒకటి మూస్తే ఇంకోటి తెరుచుకోవడం కొత్తేమీ కాదు, దానికి వేరే పేరెందుకన్నది ఒక విమర్శ. ఒకే కణంలో మూడూ ఒకేసారి జరుగుతున్నాయా, లేక గుంపులో కొన్ని ఒకలా, కొన్ని ఇంకోలా చస్తున్నాయా అన్నది ఇంకో ప్రశ్న. ఆమె బృందం ఇచ్చే జవాబు సిద్ధాంతం కాదు, నిర్మాణం. మూడు దారుల ప్రొటీన్లూ ఒకే గుంపుగా అతుక్కుంటున్నాయని, ఆ గుంపునే పాన్‌ఆప్టోసోమ్ అంటున్నామని వారి వాదన. 2021లో ‘నేచర్’లో వచ్చిన పత్రంలో ఏఐఎమ్2, పైరిన్, జెడ్‌బీపీ1 ఒకే చోట చేరడాన్ని హెర్పిస్ వైరస్, ఫ్రాన్సిసెల్లా బ్యాక్టీరియా సోకిన కణాల్లో చూపారు. పేరు నిలుస్తుందో లేదో మరో పదేళ్ళకు తేలుతుంది. పేరు మీద తగవు తేలకపోయినా, ఒక్క దారినే మూసే మందు ఎందుకు ఓడిపోతోందన్న ప్రశ్న మాత్రం వైద్యుల ముందు మిగిలే ఉంటుంది.

ఇటీవలి పత్రాలు మన ఊళ్ళకు ఇంకా దగ్గరగా వస్తున్నాయి. ఎర్ర రక్తకణం పగిలితే లోపలి హిమోగ్లోబిన్ నుంచి హీమ్ విడుదలవుతుంది. అదొక్కటే ఉంటే శరీరం సర్దుకుంటుంది. దానికి ఒక క్రిమి తాలూకు పదార్థం తోడైతే కణంలో ఎన్ఎల్ఆర్‌పీ12 అనే ప్రొటీన్ లేచి పాన్‌ఆప్టోసోమ్‌ను కడుతుందని 2023లో ‘సెల్’లో ప్రకటించారు. మళ్ళీ జతే! రక్తకణాలు పగిలే ఎలుకల నమూనాలో ఎన్ఎల్ఆర్‌పీ12 తీసేసినవాటికి కిడ్నీలు నిలిచాయి, ప్రాణాలూ నిలిచాయి. 2024లో ఎన్ఎల్ఆర్‌సీ5 అనే మరో ప్రొటీన్ వంతు వచ్చింది. కణంలో ఎన్ఏడీ అనే శక్తి సంబంధిత అణువు అడుగంటినప్పుడు అది లేస్తుందట.

రక్తకణాలు పగిలే జబ్బులంటే మలేరియా ఒకటి, సికిల్ సెల్ ఇంకొకటి. సూరత్ దాటి తూర్పుకు వెళ్తే తాపీ, డాంగ్ జిల్లాల ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ తరతరాలుగా ఉంది. తిరుమలాదేవి ఊరు ఇప్పుడున్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏజెన్సీలోనూ ఉంది. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో పథకం మొదలుపెట్టింది. అందులో ప్రస్తుతానికి ప్రధానంగా జరుగుతున్నది రక్త పరీక్షలు చేసి, కార్డులు ఇచ్చి, పెళ్ళికి ముందు జంటలకు నచ్చజెప్పడం. సికిల్ సెల్ పిల్లలకు మామూలు ఇన్‌ఫెక్షన్ సోకినా పరిస్థితి ఎందుకు అంత వేగంగా విషమిస్తుందో ఆ ఊళ్ళ వైద్యులకు అనుభవంలో తెలుసు. హీమ్, క్రిమి కలిసినప్పుడు కణంలో ఏం జరుగుతుందో మెంఫిస్ ఎలుకలు ఒక కారణాన్ని సూచించాయి. ఎన్ఎల్ఆర్‌పీ12ను ఆపే మందు మాత్రం ఇంకా ఏ ఆస్పత్రి అలమరలోకీ చేరలేదు.